శనివారం ఆగని కంప్యూటర్

బ్రాడీపేటలోని ఆ కంప్యూటర్ షాపుకి ఎప్పుడు వెళ్ళినా ఇద్దరు మగవాళ్ళు నా కంప్యూటర్ గురించి పోట్లాడుకుంటూ ఉండేవారు. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని వినేదాన్ని. కంప్యూటర్ నాది, పని నాది, పని ఆగిపోతే పోయే పరువూ నాదే. మాట్లాడే హక్కు మాత్రం వాళ్ళదన్నట్టు ఉండేది.

ఒకరు షాపు యజమాని. ఊరంతా ఆయన్ని భాయ్ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. రేడియోలు బాగుచేసే తండ్రి దగ్గర పని నేర్చుకుని, టీవీల మీదుగా కంప్యూటర్లలోకి వచ్చిన మనిషి. ఆయన నమ్మకమంతా ప్రాసెసర్ మీదే. రెండో ఆయన దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. సాయంత్రం క్లాసులు అవగానే స్కూటర్ తెచ్చి షాపు ముందు స్టాండు వేసేవారు. భాయ్ ప్రాసెసర్ మాట ఎత్తితే ఈయన నవ్వేవారు. ఈయన దృష్టిలో లోకంలోని కష్టాలన్నిటికీ ఆపరేటింగ్ సిస్టమే కారణం.

"బండి బరువు లాగలేకపోతుంటే ఎద్దుని మార్చాలి గానీ, తోలేవాడిని మారిస్తే ఏం లాభం మాస్టారూ? సెలెరాన్ ప్రాసెసర్ తీసేసి పెంటియం వేద్దాం, చూడండి మీరు," అనేవారు భాయ్.

"ఎద్దుకేం, బానే ఉందయ్యా! తోలేవాడికి దారి తెలీదు. విండోస్ తీసేసి లినక్స్ వేస్తే ఈ సెలెరానే పరిగెత్తుద్ది," అనేవారు లెక్చరర్ గారు.

ఆ ఎద్దు బండిలో ఏం ఎక్కించాలో, ఎక్కడికి తోలాలో నన్ను ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

నా సంగతి చెప్పాలి. అంతకు ముందు పన్నెండేళ్ళు నేను టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. లోయర్, హయ్యర్ పరీక్షలకి ఆడపిల్లలూ మగపిల్లలూ బ్యాచీలుగా వచ్చేవాళ్ళు. కంప్యూటర్ సెంటర్లు వచ్చాక ఒక్కొక్కరే మానేశారు. చివరి బ్యాచిలో ముగ్గురు మిగిలారు. టైపు మిషన్లన్నీ అమ్మేసి, ఆ డబ్బుతో ఒక కంప్యూటరూ ప్రింటరూ కొని, ఇంట్లోనే తెలుగు డీటీపీ మొదలుపెట్టాను. పెళ్ళి శుభలేఖలు, చర్చి కరపత్రాలు, అర్జీలు. నా వేళ్ళకి టైపు కొత్త కాదు, కీబోర్డే కొత్త. టైపు మిషన్ మీద వరస చివర గంట మోగితే చెయ్యి దానంతట అదే క్యారేజీని వెనక్కి తోసేది కదా, అలాగే కంప్యూటర్ మీద ప్రతి వరస చివరా సేవ్ కొట్టడం అలవాటు చేసుకున్నాను. ఆ అలవాటే తర్వాత నన్ను కాపాడింది.

మా ఇల్లు నల్లపాడు వైపు పోయే దారిలో ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వసారా. నేనూ అమ్మా ఉండేవాళ్ళం. అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. చిన్నప్పటి నుంచీ అదే పని. మోకాళ్ళ నొప్పులు పుట్టాక కోల్డు స్టోరేజీకి వెళ్ళలేక టిక్కీలు ఇంటికే తెప్పించుకునేది. ఇక్కడ మిరపకాయల బస్తాని టిక్కీ అంటారు. ఒక్క టిక్కీ విప్పితే చాలు, వీధి మొత్తం తుమ్ముతుంది. గది గుమ్మంలో కూర్చుని అమ్మ తొడిమలు తీస్తుంటే, రెండు గజాల దూరంలో కిటికీ దగ్గర నేను టైపు చేసుకునేదాన్ని. ఇద్దరివీ వేళ్ళతో బతికే బతుకులే. అమ్మ వేళ్ళు మండేవి, నావి మండేవి కాదు. ఆ తేడా కోసమే అమ్మ నన్ను చదివించింది. "నా కూతురు టిక్కీ ముందు కూర్చోకూడదు" అనే మాట అమ్మ నోట ప్రార్థన కన్నా ఎక్కువసార్లు విన్నాను.

ఆ ఏడు చలికాలంలో నాకొక మంచి పని దొరికింది. బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు ఎంసెట్ పిల్లలకి ప్రతి ఆదివారం టెస్టు పెట్టేవారు. తెలుగు మీడియం పేపర్లు టైపు చేసే పని నాకిచ్చారు. గురువారం మధ్యాహ్నానికి లెక్చరర్ల రాతప్రతి చేతికొచ్చేది. శుక్రవారం సాయంత్రానికి తప్పుల్లేకుండా ప్రింటు తీసి ఇవ్వాలి. రసాయనశాస్త్రంలో అక్షరాల కింద చిన్న అంకెలు, భౌతికశాస్త్రంలో గ్రీకు అక్షరాలు, వాటి మధ్యలో మన వత్తులు. రాత్రిపూట కూర్చుందామంటే మా వీధిలో వోల్టేజీ పడిపోయి బల్బే సరిగ్గా వెలిగేది కాదు. పగలే చేసుకోవాలి. సంక్రాంతి సెలవుల తర్వాత నుంచి ఫిబ్రవరి వరకూ ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. ఆ పని నిలబడితే ఇంకో రెండు సెంటర్ల పని కూడా వస్తుందని ఆశ. పోతే శుభలేఖల మీద బతకలేను. అప్పుడు అమ్మ పక్కన ఇంకో పీట వేసుకోవడమే.

మార్చిలో మొదలైంది రోగం. మధ్యాహ్నం పన్నెండు దాటాక, టైపు చేస్తూ చేస్తూ ఉండగా తెర మీద బాణం నిలబడిపోయేది. కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కితే దాని లైటు వెలగదు, ఆరదు. కట్టేసి మళ్ళీ వేస్తే కాసేపు డిస్కు తనిఖీ చేసుకుని లేచేది. పావుగంటకి మళ్ళీ అదే తంతు. సేవ్ కొట్టే అలవాటు వల్ల రాసినది పోలేదు గానీ, మధ్యాహ్నాలు మధ్యాహ్నాలే పోయాయి. మొదటి శుక్రవారం రెండు గంటలు ఆలస్యం. రెండో శుక్రవారం పేపర్ శనివారం పొద్దున చేరింది. కోచింగ్ సెంటర్ ఇన్‌ఛార్జి మంచివాడే, కోప్పడలేదు.

"టీచర్ గారూ, ఇంకొక్కసారి లేటయితే వేరే వాళ్ళకి ఇచ్చేస్తామండీ. ఆదివారం టెస్టు ఆగదు కదా," అన్నాడు.

కోప్పడి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. అంత మర్యాదగా చెప్పేసరికి "ఇంక ఆలస్యం కాదండీ" అని వచ్చేశాను.

సీపీయూని దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో షాపుకి తీసుకెళ్ళాను. భాయ్ బల్ల మీద పెట్టి ఆన్ చేశారు. మూడు గంటలు నడిచింది. ఒక్కసారీ ఆగలేదు. అంతకన్నా అవమానం లేదు. పంటి నొప్పని డాక్టర్ దగ్గరికి వెళ్తే గుమ్మం దగ్గరే నొప్పి తగ్గినట్టయింది.

"ఇక్కడ తేలిక పనులు పెట్టాం కాబట్టి నడుస్తోందండీ. మీ తెలుగు సాఫ్ట్‌వేర్ బరువు. ఈ ప్రాసెసర్ ఆనదు," అన్నారు భాయ్. తన దగ్గరున్న పెంటియం తీసి నా దాంట్లో బిగించి, "వారం వాడి చూడండి, నచ్చకపోతే తిరిగిచ్చెయ్యండి," అన్నారు. మనిషి మాత్రం బంగారం.

తెచ్చుకున్న మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి పెంటియం కూడా నిలబడిపోయింది.

ఈసారి లెక్చరర్ గారి వంతు. ఆయనే స్వయంగా మా ఇంటికి వచ్చారు, మంగళవారం మిట్టమధ్యాహ్నం, ఎండలో. అమ్మ టిక్కీ పక్కకి లాగి, గది ఊడ్చి, ఆయనకి మజ్జిగ ఇచ్చింది. ఆయన మొత్తం చెరిపేసి విండోస్ మళ్ళీ ఎక్కించారు. నాలుగు గంటలు కూర్చున్నారు. ఆయన ఉన్నంతసేపూ పెళ్ళిచూపుల్లో పిల్లలాగా ఎంత బుద్ధిగా నడిచిందో! ఆయన మీసం దువ్వుకుని, "చూశారా, సిస్టమ్‌దే తప్పు. అసలు లినక్స్ వేసుకుంటే ఈ బాధే ఉండదు," అన్నారు.

"అందులో నా తెలుగు అక్షరాలు వస్తాయా మాస్టారూ?"

"వస్తాయండీ. పని జరుగుతోంది. రెండు మూడేళ్ళలో చక్కగా వచ్చేస్తాయి."

"నాకు శుక్రవారానికి కావాలండీ."

ఆయన నొచ్చుకున్నారు. నేను సారీ చెప్పలేదు. బుధవారం మధ్యాహ్నం మళ్ళీ ఆగింది.

ఆ సాయంత్రం షాపులో నాకు కోపం వచ్చింది. నా కోపం చిన్నది కాదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పన్నెండేళ్ళు నా గొంతు పధ్నాలుగు మిషన్ల మోతని దాటి వినపడింది. ఇద్దరూ మదర్‌బోర్డుకి పెంటియం సరిపడలేదా, డ్రైవర్లు సరిపడలేదా అని మొదలుపెట్టారు. స్టూలు మీద నుంచి లేచాను.

"ఆగండి! మీ ఇద్దరికీ ఒక్క మాట. నేను దీంతో రాకెట్లు ఎగరేయను. ఆటలు ఆడను. తెలుగు టైపు చెయ్యాలి, వత్తు వత్తులాగా పడాలి, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆగకూడదు. అంతే నాకు కావలసింది. అసలు రోజూ దాని ముందు కూర్చునేది నేను. నన్ను ఒక్కమాట అడిగారా, ఎప్పుడు ఆగుతోంది, ఏం చేస్తుంటే ఆగుతోంది అని?"

భాయ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. "చెప్పండి టీచర్ గారూ, ఎప్పుడు ఆగుతోంది?" అన్నారు.

నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. "మధ్యాహ్నం" అని తప్ప ఇంకేమీ తెలీదు. అంత అరిచి అలా నిలబడడం సిగ్గుగా అనిపించింది. "చూసుకుని చెబుతాను" అని వచ్చేశాను.

ఇంటికి వచ్చి ఇన్‌స్టిట్యూట్ పాత హాజరు పట్టీ తీశాను. పిల్లల పేర్లు ఉండాల్సిన చోట మార్చి నెల మొదటి నుంచీ తేదీలు, వారాలు రాసుకున్నాను. ఫ్లాపీలో ఉన్న ఫైళ్ళ సమయాలు చూసుకుంటూ, ఏ రోజు ఏ పని చేశానో గుర్తు చేసుకుంటూ నింపాను. నడిచిన రోజు హాజరు. ఆగిన రోజు గైర్హాజరు. పన్నెండేళ్ళు మనుషులకి వేశాను, ఇప్పుడు ఈ డబ్బాకి వేస్తే తప్పేముంది? గురువారం రాతప్రతి వచ్చింది. టైపు చేస్తూనే ఆ రోజు సంగతి కూడా రాసుకున్నాను. ఒంటిగంటకి ఆగింది, ఒకటిన్నరకి ఆగింది, రెండింటికి ఆగింది. సాయంత్రానికి సగం పేపర్ కూడా కాలేదు.

శుక్రవారం పొద్దున అమ్మ ఉపవాస ప్రార్థనకి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా రాదు. నేను హాజరు పట్టీ ముందు కూర్చున్నాను. ఆ రోజు పేపర్ ఇవ్వకపోతే అంతా అయిపోయినట్టే. అయినా టైపు మొదలుపెట్టలేదు. ఇలాగే మొదలుపెడితే ఇలాగే ఆగుతుందని తెలుసు. కారణం దొరికేదాకా కీబోర్డు ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

పట్టీలో ఒక్క వరస కళ్ళలో పడింది. శనివారాలన్నీ హాజరు. ఒక్క శనివారం కూడా అది ఆగలేదు. శనివారం అంతే ఎండ, అంతే కరెంటు, అంతే బరువు సాఫ్ట్‌వేర్. పెళ్ళిళ్ళ రోజులు కాబట్టి పనీ ఎక్కువే. ఇంకా చూస్తే, లెక్చరర్ గారు వచ్చిన మంగళవారం హాజరు. షాపులో ఉన్న రోజు హాజరు. ఈ డబ్బాకి శనివారాలంటే ఎందుకంత ఇష్టం? శనివారం మా ఇంట్లో ఏం జరుగుతుంది? ఆదివారం ఆరాధనకి ముందు అమ్మ ఇల్లంతా కడుగుతుంది. దుప్పట్లు, గలేబులు, అన్నీ ఉతికి దండెం మీద వేస్తుంది.

దండెం వైపు చూశాను. శుక్రవారం కాబట్టి ఖాళీగా ఉంది. శనివారమైతే దాని మీద కంప్యూటర్ కవరు ఆరుతూ ఉండేది.

ఫిబ్రవరి చివర మిరపకాయల కాలం మొదలవగానే అమ్మ ఆ కవరు కుట్టింది. తన టిక్కీల ధూళి నా మిషన్‌లోకి పోతుందని ఆమెకి దిగులు. మామూలు కవరైతే పని చేసేటప్పుడు తీసెయ్యాలి, అప్పుడే కదా ధూళి ఎక్కువ! అందుకని మందపాటి గుడ్డతో సీపీయూకి చొక్కాలాగా కుట్టింది. ముందు బటన్‌కీ ఫ్లాపీకీ కిటికీలు వదిలింది. వెనక వైర్లు వచ్చేంత చీలిక మాత్రం ఉంచి, నాడాలు బిగించి కట్టింది. అంచుల వెంట క్రోషా లేసు. చిన్నప్పుడు క్రైస్తవ మిషన్ హాస్టల్లో దొరసానమ్మ నేర్పిన అల్లిక, మండే వేళ్ళతో వారం రోజులు అల్లింది. అంత అందంగా ఉంటే నాకు ముచ్చటేసింది. చూసిన వాళ్ళందరూ మెచ్చుకున్నారు.

శనివారం ఉతికేది, ఇస్త్రీ చేసేది, ఆదివారం ఆరాధన అయి గుడి నుంచి వచ్చాక తొడిగేది. ఆటోలో తీసుకెళ్ళే రోజు మాసిపోతుందని విప్పేది. లెక్చరర్ గారు వచ్చిన రోజు, డాక్టర్ వస్తే పిల్లాడి చొక్కా విప్పినట్టు, ముందే విప్పి మడతపెట్టింది. భాయ్ గానీ ఆయన గానీ ఆ చొక్కాని కంటితో చూడనే లేదు. వేడి గాలి బయటికి పోయే చోటల్లా అమ్మ కుట్టు ఉంది.

నాడాలు విప్పాను. కవరు తీసి పక్కన పెట్టి, సీపీయూ వెనకనున్న ఫ్యాను జల్లెడ మీద మందంగా పేరుకున్న ఎర్రటి ధూళిని పాత టూత్‌బ్రష్‌తో దులిపాను. పదిసార్లు తుమ్మాను. పదింటికి మొదలుపెట్టి మూడింటి దాకా లేవలేదు. పన్నెండయింది, ఆగలేదు. ఒంటిగంట, ఆగలేదు. వరస చివర సేవ్ కొట్టిన ప్రతిసారీ గడియారం చూసుకున్నాను. మూడింటికి ఆఖరి ప్రశ్న, నాలుగు ఆప్షన్లూ, ప్రింటు. కాగితాలు కవర్లో పెట్టుకుని బయల్దేరే ముందు ఒక పని చేశాను. నమ్మకం కుదరాలి కదా. చొక్కా మళ్ళీ తొడిగి, నాడాలు కట్టి, మిషన్‌ని నడుస్తూ ఉండగానే వదిలి వెళ్ళాను.

నాలుగున్నరకి పేపర్ ఇన్‌ఛార్జి చేతిలో పెట్టాను. "ఇయ్యాల ముందే తెచ్చారే!" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే బాణం నిలబడిపోయి ఉంది. నమ్‌లాక్ వెలగలేదు. జీవితంలో మొదటిసారి మిషన్ ఆగినందుకు సంతోషపడ్డాను.

శనివారం పొద్దున్నే కవరు సంచిలో పెట్టుకుని షాపుకి వెళ్ళి, జరిగిందంతా చెప్పి కవరు బల్ల మీద పెట్టాను, పెంటియం తిరిగిచ్చేస్తానన్నాను. భాయ్ కవరు అటూ ఇటూ తిప్పి చూసి, లేసు మీద వేలు రాశారు. లెక్చరర్ గారు గట్టిగా నవ్వేశారు. తర్వాత, "అయినా భాయ్, లినక్స్ అయితే ఇంత వేడెక్కేది కాదు," అన్నారు. "ఏందండీ మీరు చెప్పేది, వేడి పుట్టేది ప్రాసెసర్లో కదా!" అన్నారు భాయ్. మళ్ళీ మొదలు. నేను వాళ్ళని అలాగే వదిలేసి వచ్చాను. ఈసారి కోపం రాలేదు.

అమ్మకి ఎలా చెప్పాలా అన్నదే నా బాధ. కవరు బీరువాలో బట్టల కింద దాచాను. కవరు ఉతికావా అని అమ్మ అడిగితే ఉతికానన్నాను. ఆదివారం గుడి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా అమ్మ ఇల్లంతా వెతికింది.

"చొక్కా ఏదే?"

ఇంక లాభం లేదని కూర్చోబెట్టి అంతా చెప్పాను. మెల్లగా చెప్పాను. తప్పు నీది కాదన్నాను, ఎండలదన్నాను. అంత పెద్ద చదువులు చదివిన వాళ్ళకే తెలీలేదన్నాను. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా వంక అదోలా చూసింది.

"వేడెక్కుద్దని నాకు తెలుసుగా," అంది.

"నీకు తెలుసా?" అన్నాను.

"రోజూ మధ్యానం గుడ్డ కాలిపోయేది. నువ్వు అన్నం తినటానికి లేచినప్పుడల్లా చెయ్యి పెట్టి చూసేదాన్ని. నా అరచేతులకి మంట తప్ప వేడి తెలీదు కదా, అందుకని వెనకచేత్తో చూసేదాన్ని, జ్వరం చూసినట్టు. కాగుతా ఉండేది. మిషన్లంటే అంతేనేమోలే, నాకేం తెలుసు అని ఊరుకున్నా. నువ్వేమో ఆ భాయ్‌ని అడిగావు, ఆ మాస్టారిని అడిగావు. పొద్దస్తమానం దాని పక్కన కూర్చునేది నేను. నన్నొక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదమ్మా."

షాపులో నేను అరిచిన మాటే అది. ఒక్క అక్షరం కూడా తేడా లేదనిపించింది. వాళ్ళిద్దరూ నన్ను అడగనందుకు అంత చిందులు తొక్కాను. నేను మా అమ్మని అడగాలన్న ఆలోచనే రాలేదు. అమ్మ లేచి, బీరువాలోంచి కవరు తీసి, కత్తెర తెచ్చి, వెనక వైపు గుడ్డ మొత్తం లేసుతో సహా కత్తిరించేసింది. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. "అల్లింది దీనికి జ్వరం తెప్పించటానికా!" అంది. సోమవారం నుంచి టిక్కీ వసారాలోకి మార్చింది. అక్కడ మోకాళ్ళకి ఎండ తగులుతుందంటే వినలేదు.

తర్వాత గురువారం రాతప్రతి వచ్చింది. పన్నెండున్నరకి నేను టైపు ఆపి, వసారాలోకి కేకేశాను.

"అమ్మా, ఒకసారి వచ్చి చూడు. ఎట్టా ఉందో చెప్పు."

అమ్మ లేచి, మజ్జిగతో చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చింది. మిషన్ వీపు మీద వెనకచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే నిలబడింది.

"బానే ఉంది. కొట్టుకో," అంది.